పదకొండు సంచులు

ప్రియమైన చిన్నతల్లికి,

అమ్మ రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను, మోకాలి సంగతి వదిలేయ్. ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసి మంచి పని చేశావు. పిండి మిల్లులో ఇరవై ఎనిమిదేళ్ళు బస్తాల మూతులు కుట్టినదాన్ని, ఆ మోతకి చెవులు ఎప్పుడో పోయాయి. ఫోనులో సగమే వినపడుతుంది, మిగతా సగం నేనే ఊహించుకుని భయపడతాను.

వచ్చే నెల పద్నాలుగున విమానం అని రాశావు. పదకొండు గంటల ప్రయాణమని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి ముద్ద దిగడం లేదు. అల్లుడు ముందే వెళ్ళి రేవులో క్రేను నడుపుకుంటున్నాడు, బాగానే ఉంది. మూడేళ్ళ పిచ్చుకనీ, ఎనిమిది నెలల గుండునీ నువ్వొక్కదానివే ఎలా తీసుకెళ్తావు? నీకు రెండే చేతులు. గుండు ఒక చేతిలో, పెట్టె ఒక చేతిలో. మరి పిచ్చుక? అది ఒకచోట నిలబడే పిల్లా?

పోనీ, ఎక్కి కూర్చున్నారే అనుకో. నీకు బాత్రూముకి వెళ్ళాల్సొస్తే? ఈ మాట ఎవరూ అడగరు, అందుకే నేను అడుగుతున్నాను. పిల్లాణ్ణి ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతికి మాత్రం ఇవ్వకు. పైకి లేచేటప్పుడు చెవులు మూసుకుపోతాయట, పక్కింటి టైలరు చెప్పాడు. అతనూ విమానం ఎక్కలేదనుకో. అయినా ఆ సమయానికి గుండుకి పాలు పట్టు.

ఒక మాట చెప్తాను, కోప్పడకు. పిచ్చుకని నా దగ్గర ఉంచు. ఆరు నెలలకి అల్లుడికి సెలవు దొరుకుతుందిగా, వచ్చి తీసుకెళ్తాడు. ఆలోచించుకో.

భయంతోనూ ముద్దులతోనూ,
అమ్మ


ప్రియమైన అమ్మకి,

బాత్రూము గురించి విమానం కట్టినవాళ్ళు కూడా నీ అంత ఆలోచించి ఉండరు. చదివి నవ్వుకున్నాను. నవ్వు రెండు రోజులే నిలిచింది.

నిన్న ఆసుపత్రిలో డ్యూటీ అయ్యాక ఒకసారి చేసి చూద్దామనిపించింది. గుండుని గుడ్డతో గుండెకి కట్టుకుని, పెద్ద పెట్టె లాక్కుంటూ, పిచ్చుక చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా బయల్దేరాను. పాల దుకాణం దాకా రాజుల్లా నడిచాం. అక్కడ ఒక పిల్లి కనిపించింది. పిచ్చుక నా చెయ్యి విదిలించుకుని రోడ్డుకి అడ్డంగా పరిగెత్తింది. సైకిలతను బ్రేకు వేసి, "ఇద్దర్ని పట్టుకోలేనిదానివి ఎందుకమ్మా బయల్దేరావ్" అన్నాడు. అక్కడే పెట్టె మీద కూర్చుని ఏడ్చాను. పిచ్చుకే వచ్చి, "ఊరుకో అమ్మా, పిల్లి రేపు మళ్ళీ వస్తుందిలే" అని నా మొహం తుడిచింది.

నువ్వన్నదే సరి. దాన్ని నీ దగ్గర వదిలి వెళ్తాను. దాని టిక్కెట్టు రద్దు చేసుకోవడానికి ఈ నెల ఇరవయ్యో తారీఖు దాకా గడువుంది. నీ జవాబు రాగానే చేస్తాను. పిచ్చుకకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో నువ్వే రాయి.

నీ,
చిన్నతల్లి


నా తల్లికి,

రద్దు చెయ్యకు. మిగతాది తర్వాత చదివినా సరే, ముందు ఈ మాట చదువు.

నువ్వెప్పుడూ అడగలేదు, నేను చెప్పలేదు. మీ తమ్ముడు పుట్టాక మీ నాన్న ఈ మిల్లులో చేరి మమ్మల్ని రమ్మన్నాడు. రెండు రైళ్ళు మారాలి. "ఇద్దరు పిల్లల్తో ఒక్కదానివే ఎలా పోతావే" అని అందరూ అన్నారు. అందరిలోకీ మా అమ్మ గొంతే పెద్దది. నిన్ను మా అక్క దగ్గర వదిలాను. నీకప్పుడు మూడేళ్ళు. రెండు నెలలనుకున్నది ఏడాదిన్నర అయింది.

తీసుకెళ్ళడానికి వచ్చినరోజు నువ్వు పెద్దమ్మ వెనక్కి పోయి దాక్కున్నావు. "మీ అమ్మేనే, వెళ్ళవే" అని మా అక్క ఎంత నెట్టినా కదల్లేదు. కన్నతల్లిని మర్చిపోయావు. ఇంటికి వచ్చాక కూడా చాన్నాళ్ళు నన్ను అమ్మా అనలేదు, 'ఇదిగో' అనేదానివి. తప్పు నీది కాదు, నాదే. రైలు భయం రెండు రోజులకి పోయేది. ఇది ముప్పై ఏళ్ళయినా పోలేదు. అన్నీ తెలిసి పిచ్చుకని వదలమని రాశాను చూడు. మా అమ్మ గొంతు నా కలంలోకి ఎప్పుడు దూరిందో తెలియలేదు.

పార్సిలు పంపుతున్నాను. అందులో పదకొండు చిన్న సంచులున్నాయి, గంటకొకటి. మూతులకి మిల్లు కుట్టు వేశాను. ఎర్ర దారం వేలాడే కొస లాగితే సర్రున ఊడుతుంది. రెండో కొస లాగితే బిగుసుకుంటుంది, గుర్తుంచుకో. లోపల గుడ్డ బొమ్మలూ అవీ పెట్టాను. బొత్తాలు పెట్టలేదు, గుండు మింగుతాడు. పొడుగు పట్టీ ఒకటుంది. ఒక కొస పిచ్చుక నడుముకి, ఒక కొస నీ నడుముకి కట్టు. చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఇద్దర్నీ తీసుకెళ్ళు. భయపడే పని నేను చూసుకుంటాను, నాకు అలవాటే.

మీ ముగ్గురి,
అమ్మ


ప్రియమైన అమ్మకి,

చేరాం. ముగ్గురం.

సంచుల ఎర్ర కొసలు గుండు నోట్లో పెట్టుకుంటున్నాడని బయల్దేరేముందు అన్నీ శుభ్రంగా కత్తిరించేశాను. తిట్టు, తిట్టించుకుంటాను. విమానంలో మొదటి సంచి చేతికి తీసుకున్నాక గానీ ఏ కొస లాగాలో తెలియదని గుర్తు రాలేదు. లాగాను, బిగుసుకుంది. పిచ్చుక రాగం మొదలుపెట్టబోయి ఆగి, "నాకివ్వు, నువ్వు అమ్మమ్మలా చెయ్యట్లేదు" అని లాక్కుంది. నాలుక బయటపెట్టి ఆ కొసా ఈ కొసా గోకుతూ అరగంట కూర్చుంది. లోపలున్న బొమ్మని రెండు నిమిషాలు కూడా చూడలేదు, రెండో సంచి అడిగింది. అలా పది సంచులు.

గుండు మూడుసార్లు ఏడ్చాడు, ఒకసారి నేనూ. బాత్రూముకి వెళ్ళాను. పక్క సీటావిడ పళ్ళ డాక్టరు, గుండుని ఆవిడకే ఇచ్చి వెళ్ళాను. వచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు వాడి నోట్లో ఉంది. పట్టీ చూసి ఎవరూ నవ్వలేదు. ఒకావిడ ఎక్కడ కొన్నావని అడిగింది.

బయట పిల్లల నాన్న నిలబడి ఉన్నాడు. చూడగానే పిచ్చుక నా వెనక్కి పోయి దాక్కుంది. ఆయన చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. "మర్చిపోయిందే" అన్నాడు. లేదన్నాను. "అది మర్చిపోలేదు. వెతకండి" అన్నాను. ఆయన పెట్టె కింద చూశాడు, గుండు టోపీలో చూశాడు, "మా పిచ్చుక ఎగిరిపోయిందా" అని అడిగాడు. నా వెనక కిసుక్కున నవ్వు వినపడింది. ఆ తర్వాత ఆయన మెడ వదల్లేదు.

నేనూ మర్చిపోలేదమ్మా. ఆ రోజు నువ్వు పెద్దమ్మ ఇంటి గుమ్మంలోకి రాకముందే నీ దగ్గు విని పోల్చుకున్నాను. వెతుకుతావని దాక్కున్నాను. నువ్వు వెతకలేదు, ఏడుస్తూ నిలబడిపోయావు. ఇక ఎలా బయటికి రావాలో నాకు తెలియలేదు. నువ్వేమో మర్చిపోయాననుకుంటున్నావని నాకేం తెలుసు.

పదకొండో సంచి పిచ్చుక విప్పనివ్వలేదు. అది అమ్మమ్మ వచ్చి విప్పాలట. అందులో ఏముందో రాయకు. పదకొండు గంటలే, బాత్రూము బాగానే ఉంది. వెతుక్కుంటూ రా. నేనూ పిచ్చుకా తలుపు వెనకే ఉంటాం.

నీ,
చిన్నతల్లి