ఒక్క వెంట్రుకా తెగలేదు

అచ్చంపేట, 12 మే 2004

అమ్మకు సుమన దండాలు. ఎండాకాలం శిబిరంలో నేనూ, నేను చూసుకునే పిల్లలూ బాగున్నాం. ఎస్టీడీ బూత్ మూతపడింది, అందుకే ఈ కార్డు.

నిన్న పిల్లలు పెళ్లాట ఆడుతూ, జడ ఉంది కదా అని ఐదేళ్ల శ్రవణ్‌ని పెళ్లికూతుర్ని చేశారు. నేను అన్నాలు వడ్డించి వచ్చేలోపు వాడి జడ నిండా పూలకు బదులు ముళ్లకాయలు గుచ్చేశారు. వాడివి మన జమ్ములమ్మ తల్లికి మొక్కిన పుట్టు వెంట్రుకలు. కత్తెర తగలొద్దని వాళ్లమ్మ మరీ మరీ చెప్పి వదిలింది.

వార్డెన్ మేడం కత్తెర తెచ్చి, "ఇగ కోసుడే, గీ చిక్కు పోదు" అంది.

"జర ఆగుండ్రి మేడం, ఒక్క ఎంట్రుక గూడ తెగనియ్య" అన్నాను.

నూనె రాసి, నువ్వు పట్టుపోగుల చిక్కు తీసినట్టే కొసల నుంచి మొదలుపెట్టాను. వాడు నా ఒళ్లోనే నిద్రపోయాడు. పొద్దుగూకేసరికి జడ మళ్లీ అల్లాను. మేడమే రిబ్బన్ తెచ్చిచ్చింది!

నా దువ్వెన మాత్రం విరిగింది. నరేందర్ అన్న ఇటు వస్తే ఒకటి పంపు. నాన్న నేస్తున్న చీర పూర్తయిందా? ఆయనకు దండాలు, చెల్లికి ముద్దులు.

"తొందర పిల్ల, తెంపుతది" అని నన్ను పట్టు ముట్టనియ్యవు కదా. ఇంటికొచ్చాక ఆ మాట ఇంకోసారి అను, చూద్దాం.

నీ సుమన