బాలింత కుందేలు

నవంబర్ 18, సోమవారం

ఈ డైరీ మా ఆయనకు కంపెనీలో ఇచ్చారు. అట్ట మీద పోర్టు బొమ్మ ఉంది. సంవత్సరం అయిపోవస్తోంది, ఇంట్లో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నేను ఏడో తరగతి దాకానే చదివాను. తప్పులు పోతే పోనీ, చదివేవాళ్ళెవరు.

పాప పోయి వారం దాటింది. కడుపులోనే పోయింది. పేగు మెడకు చుట్టుకుందని డాక్టరమ్మ చెప్పింది. ఎవరి తప్పూ కాదమ్మా అని కూడా చెప్పింది. నాకు చూపించలేదు. మా అత్త రెబెక్కమ్మ టవల్లో చుట్టి ఎత్తుకుంది. చూడబాక పుష్పా, చూస్తే మరిచిపోలేవు అన్నది. తలుపు దాటేటప్పుడు టవల్లోంచి ఒక పాదం కనిపించింది. అంతే నేను చూసింది.

పాలు మాత్రం వచ్చాయి. వాటికి ఎవరు చెప్తారు.

నవంబర్ 19, మంగళవారం

మా ఆయన పేరు సమాధానం. ఈ రోజు కంపెనీ బండిలో ఒక కుందేలును తెచ్చాడు. బోను కూడా తెచ్చాడు. ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోతున్న ఆఫీసరు గారి పిల్లలదంట. రైల్లో తీసుకుపోలేక ఏడుస్తా ఉంటే కాదనలేకపోయినానని అత్తతో చెప్పాడు. నా వైపు చూడలేదు.

దాని పేరు కుక్కీ అంట. కుందేలుకు కుక్క పేరు పెట్టిన మారాజు ఎవుర్రా అని అత్త అడిగింది. అది బిస్కెట్టు పేరు మా అన్నాడు. అట్టయితే నేను బిస్కెట్టు అనే పిలుస్తా, కుక్క అని పిలిస్తే వీధిలోవన్నీ వస్తాయి అన్నది.

నేను నవ్వలేదు. బోను వసారాలో పెట్టాడు, ఉయ్యాల కోసం కొట్టిన కొక్కెం కింద. నాకు ఒళ్ళు మండింది. పిల్ల లేని ఇంటికి కుందేలు తెస్తాడా మనిషి.

నవంబర్ 20

పాలు ఆగడం లేదు. మల్లెపూలు కడితే ఆగుతాయని అత్తకు తెలుసు కానీ ఇది మల్లెల కాలం కాదు. గుడ్డ గట్టిగా బిగించి కట్టింది. ఊపిరి ఆడలేదు. నా మొహం చూడకుండా కట్టింది, చూడకుండానే పోయింది.

నవంబర్ 21

వాన.

నవంబర్ 22, శుక్రవారం

చేపల నాగులమ్మ వచ్చింది. గంప దించి అత్తతో బేరం ఆడుతూ బోను వైపు చూసింది. రెబెక్కమ్మక్కా, మీ బిస్కెట్టు చూలుతో ఉంది గదా, పొట్ట చూడు, నోట్లో గడ్డి పెట్టుకొని ఎట్ట తిరగతా ఉందో చూడు అన్నది. నీ మొగం, బాగా తిని బలిసింది అన్నది అత్త. బలిస్తే గడ్డి ఎందుకు మోస్తాది మే, నీ కొడుకు ఒకదాన్ని తెచ్చినానని అనుకున్నాడు, ఆడ సంసారమే ఉంది అని నాగులమ్మ నవ్వింది.

అప్పుడు ఇద్దరూ నన్ను చూశారు. నవ్వు ఆపేశారు.

నేను లోపలికి వెళ్ళిపోయాను. చాలాసేపటికి అర్థమైంది. నాకు కోపం వచ్చింది నవ్వినందుకు కాదు, ఆపినందుకు.

నవంబర్ 23, శనివారం

అది నిజంగానే చూలుతో ఉంది. మా ఆయన టమాటాల చెక్క పెట్టె తెచ్చి వరిగడ్డి వేసి బోనులో పెట్టాడు.

నా ట్రంకులో పాప కోసం దాచిన గుడ్డలు ఉన్నాయి. మా అమ్మ పాత నేత చీర. అమ్మ లేదు కాబట్టి పుట్టింటి పొత్తిగుడ్డ అదొక్కటే. ఉడకబెట్టి, ఎండబెట్టి, చింపి, అంచులు కుట్టి పెట్టాను. ఈ రోజు అందులో రెండు తీశాను. ఎందుకు తీశానో తెలియదు. పెట్టెలో పరిచాను.

అది వచ్చి వాసన చూసింది. పళ్ళతో పట్టుకొని ఒకటి బయట పడేసింది. తర్వాత రెండోది. నాకు చెంప మీద కొట్టినట్టు అయింది.

ఆ తర్వాత అది చేసిన పని రాయాలనే ఇది తెరిచాను. తల వంచి తన గొంతు కింద బొచ్చు పీక్కోవడం మొదలుపెట్టింది. నోటి నిండా పీకి, పెట్టెలో పెట్టి, మళ్ళీ పీకడం. రొమ్ము దగ్గర, పొట్ట మీద. ఎర్రగా చర్మం కనిపిస్తోంది. నొప్పి లేదా దానికి? ఆగలేదు. గడ్డి మీద తెల్లటి మేఘం లాగా పేరుకుంది. దానికి ఎవరూ నేర్పలేదు. తల్లి లేదు, అత్త లేదు, డాక్టరమ్మ లేదు.

గుడ్డలు తీసుకొని మడిచి మళ్ళీ ట్రంకులో పెట్టాను. కోపం లేదు. దాని పిల్లలకు దాని ఒళ్ళే పక్క.

నవంబర్ 24, ఆదివారం

అత్త, ఆయన చర్చికి వెళ్ళారు. బాలింత గడప దాటకూడదు. నన్ను దాటొద్దని ఎవరూ చెప్పలేదు. రమ్మని కూడా అనలేదు. నేనే ఉండిపోయాను.

వసారాలోకి వస్తే పెట్టెలో బొచ్చు కదులుతోంది.

గాలికి అనుకున్నాను. గాలి లేదు. దగ్గరికి వెళ్ళి వేలితో కొంచెం పక్కకు జరిపాను. ఆరుగురు. నా బొటనవేలంత ఒక్కొక్కటి. బొచ్చు లేదు, కళ్ళు లేవు, చెవులు తలకు అంటుకొని ఉన్నాయి. చర్మం లోపల చిన్న చిన్న నరాలు కనిపిస్తున్నాయి. అన్నీ కలిసి ఒకే గుండె లాగా కొట్టుకుంటున్నాయి. ఎంత వేడి! ఆ కొంచెం బొచ్చు కింద పొయ్యి ఉన్నట్టు.

పెద్ద శబ్దం లేదు, అరుపు లేదు. నేను పక్క గదిలోనే ఉన్నాను. అది ఒక్కతే కని, శుభ్రం చేసి, కప్పి, ఒక మూల కూర్చొని ఆకు నములుతోంది.

మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాను. ప్రార్థన చేయలేదు. చేసినట్టే ఉంది.

చర్చి నుంచి వచ్చి అత్త చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత కేక పెట్టింది. ఒరే సమాధానం, ఆ గోనెసంచి అడ్డం కట్టు, గాలి కొడతాది, ఇంట్లో బాలింత ఉంది!

బాలింత. నా కాన్పు అయ్యాక ఈ ఇంట్లో ఆ మాట వినపడడం ఇదే మొదలు.

కుందేలుకి.

నవంబర్ 25, సోమవారం, తెల్లవారుజాము

నిన్నంతా బిస్కెట్టు పిల్లల దగ్గరికి పోలేదు. పాలియ్యని తల్లి ఏం తల్లి అని అత్త తిట్టింది. దూదితో ఆవు పాలు పట్టబోయింది, అవి మింగలేదు. రేపటికి చచ్చిపోతాయి అన్నాడు ఆయన. నాకు నిద్ర లేదు, తెల్లవారకముందే లేచాను.

చూశాను. ఎవరూ లేరనుకొని అది పెట్టెలోకి దూకింది. పిల్లల మీద నిలబడింది. బొచ్చు కింద నుంచి ఆరూ ఒక్కసారి ఎగిరి వెల్లకిలా తిరిగి పట్టుకున్నాయి. కళ్ళు లేని పిల్లలు! ఎట్లా తెలిసింది! చిన్న చప్పుడు, వాన చినుకులు ఆకు మీద పడ్డట్టు. నేను ఒక పాట పాడుకునేంత సేపు కూడా లేదు. దూకి బయటికి వచ్చేసింది. పిల్లల పొట్టలు గుండ్రంగా, చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తున్నాయి.

అది చెడ్డ తల్లి కాదు. దాని పద్ధతి అది. దగ్గర కూర్చుంటే కుక్కకో పిల్లికో జాడ తెలుస్తుందని కాబోలు, దూరంగా ఉండి కాపాడుతోంది.

నా జాకెట్టు తడిసిపోయింది. కట్టిన గుడ్డ కూడా. ఈసారి ఏడుపు రాలేదు. నా ఒళ్ళు కూడా దాని ఒళ్ళు లాగానే తన పని తాను చేస్తోంది అనిపించింది.

నవంబర్ 27, బుధవారం

ఈ రోజు జరిగిందంతా రాస్తాను.

నిన్నటి నుంచి ముసురు. బాలింతకు చలి చేస్తాదని అత్తకు బెంగ పట్టుకుంది. మధ్యాహ్నం జాడీ దించింది. కాయం జాడీ. నాకు ఎనిమిదో నెలప్పుడే శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, వెల్లుల్లి వేసి దంచి పెట్టింది, కాన్పు అయ్యాక నేను తినాలని. ఇన్నాళ్ళు మూత తీయలేదు. ఒక ఉండ చేసి బోనులో పెట్టింది. బిస్కెట్టు వాసన చూసి వెనక్కి పోయింది. తిను తల్లీ, నడుం గట్టిపడతాది అని బతిమాలింది. చెవులకు గుడ్డ కడదామంటే ఈ చెవులు యాడ మొదలయ్యి యాడ అయిపోతాయో అన్నది. నాకు నవ్వు వచ్చింది. ఎన్నాళ్ళకో.

తర్వాత నిప్పులు తెచ్చి సాంబ్రాణి వేసింది. బోను చుట్టూ గోనెసంచులు. అప్పుడే అది పిల్లలకు పాలిస్తోందని అత్తకు తెలియదు. పొగ లోపల నిండింది. బిస్కెట్టు కాలితో దబదబా నేలను కొట్టింది, పిచ్చెత్తినట్టు ఎగిరింది, తలుపు తోసుకొని వసారాలోకి దూకింది. సంచులు లాగి పడేశాను. పొగ పోయాక లెక్క పెట్టాను. ఐదు.

రొమ్ము పట్టుకొని వేలాడుతూ ఒకటి తల్లితో పాటు బయటికి వచ్చేసింది. వెతికి వెతికి వసారా చివర వాన జల్లు పడే చోట చూశాను. నల్లబడి ఉంది. చేత్తో తీస్తే రాయిలా చల్లగా ఉంది. కదల్లేదు.

అత్త టవల్ తెచ్చింది. ఇట్టియ్యి పుష్పా, నేను పోయి పూడ్చి వస్తా, నువ్వు చూడబాక అన్నది.

ఇవ్వను అన్నాను.

ఇంత గట్టిగా నేను ఎప్పుడూ అత్తతో మాట్లాడలేదు. కట్టిన గుడ్డ విప్పేశాను. దాన్ని నా రెండు రొమ్ముల మధ్య పెట్టి పైట కప్పుకొని గోడకు ఆనుకొని కూర్చున్నాను. పోయినదైతే పోయినదే, నా దగ్గర కొంచెంసేపు ఉండి పోనీ అన్నాను. అత్త టవల్ పట్టుకొని అక్కడే నిలబడింది.

రొయ్యల గుంటల్లో మోటార్లు తిరుగుతున్న చప్పుడు. వాన. అత్త కూర్చుంది. పాలు కారి దాన్ని కూడా తడిపాయి.

చాలాసేపటికి చక్కిలిగింత లాగా అయింది.

నాది అనుకున్నాను, నా గుండె. కాదు. మళ్ళీ అయింది. ఒక చిన్న కాలు నన్ను తన్నింది. ఎనిమిదో నెలలో లోపలి నుంచి తన్నినట్టే, ఇప్పుడు బయటి నుంచి. పైట తీసి చూశాను. ఎర్రబడుతోంది. నోరు తెరిచి వెతుక్కుంటోంది.

అత్తా, అన్నాను.

ఆమె చూసింది. ప్రభువా ప్రభువా అంటూ ఏడ్చింది. నేనే పొగ పెట్టినానే అని ఒకసారి. నీకు చెయ్యాల్సినవన్నీ దానికి చేసినానే, నీ దగ్గరికి రావడానికి నాకు మొగం చెల్లలేదే అని ఒకసారి.

పిల్లను పెట్టెలో మిగిలినవాటి మధ్య పెట్టాను. అవి జరిగి చోటిచ్చాయి.

అత్త లేచి జాడీ తెచ్చింది. ఉండ చేసి నా నోట్లో పెట్టింది. ఘాటుకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తన పాత తువ్వాలు నా చెవుల మీదుగా తలకు చుట్టింది. లోపలికి రా పుష్పా, జల్లు కొడతా ఉంది, బాలింతవి అన్నది.

నవంబర్ 28

ఆరూ ఉన్నాయి. తెల్లవారుజామున ఆరు పొట్టలూ గుండ్రంగా ఉన్నాయి.

డిసెంబర్ 5, గురువారం

ఒకటి కళ్ళు తెరిచింది. ఏది చల్లబడిందో ఇప్పుడు గుర్తుపట్టలేను. అన్నిటికీ బొచ్చు వచ్చింది.

అత్త నాకు తల అంటుతోంది. పాప ఎట్లా ఉంది అత్తా అని అడిగాను. ఆమె చేతులు ఆగాయి. నీళ్ళు చల్లారాక చెప్పింది.

తల నిండా జుట్టంట. భుజాల మీద కూడా సన్నటి నూగు. మెత్తగా ఉండిందంట.