బోల్టు ఎగరలేదు

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్లు. నీకు వచ్చిన ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేదాన్ని. ఇది మాత్రం రాసి నేనే చదువుకుంటాను.

నస్పూర్ దగ్గర ఒక బొగ్గు యార్డులో కరెంటు పని చూస్తున్నాను. నీ యార్డులో లేనిది ఇక్కడ ఉంది, బొగ్గును మోసుకెళ్లే బెల్టు పైన పెద్ద అయస్కాంతం. ఇనుప దిమ్మకు చుట్టిన తీగలో కరెంటు పారినంతసేపే దానికి శక్తి. చుట్లు, కరెంటు ఎంత ఎక్కువైతే అంత బలం. బొగ్గులో కలిసిన ఇనుప ముక్కలను అది పైకి లాగేస్తుంది. లేకపోతే అవి బొగ్గును నలగ్గొట్టే క్రషర్‌లో పడి, నీ మీదికి వచ్చినట్టే ఎవరి మీదికో ఎగిరొస్తాయి.

రోజూ బెల్టు మీద ఒక బోల్టు వేసి పరీక్షిస్తాను. ఈ రోజు పొద్దున ఎగిరి అతుక్కుంది. మధ్యాహ్నం ఎండలో మళ్లీ వేస్తే బొగ్గుతో పాటే వెళ్లిపోయింది. తీగచుట్ట ముట్టుకోలేనంత వేడిగా ఉంది. వేడెక్కిన తీగలో కరెంటు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. పరుగెత్తి తాడు లాగి బెల్టు ఆపాను.

"ఎవల్నడిగి ఆపినవమ్మా? లారీలు నిలవడ్డయ్," అన్నాడు సూపర్‌వైజర్.

"అయస్కాంతం పట్టుకుంటలేదు సార్. చల్లారేదాక నడపొద్దు."

"పొద్దుగాల పట్టింది గద?"

క్రషర్ దగ్గర నిలబడే రాజన్న బొగ్గులో వెతికి బోల్టు తీశాడు. "గిది నా మొఖానికి రావాల్సింది సార్. జర ఆగుదాం. లారీలకేమన్న లగ్గం ఉన్నదా?"

గంటసేపు ఆపారు. ఇక గంటకోసారి పరీక్షిస్తానంటే సరేనన్నారు. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య ఆ గంటలో ఏం వెళ్తుందో నాకు తెలియదు బాపూ. రాజన్న మాత్రం ఆ క్రషర్ దగ్గరే నిలబడి ఉంటాడు.