గోల్ వెనక పన్నెండో సీటు

ఫుట్‌బాల్ కప్పు ఆఫీసువారికి,

సింగపూర్ జురాంగ్ వెస్ట్ ఫ్లాట్ల నుంచి భ్రమరాంబ రాసుకునేది. నేను అయిదు దాకానే చదివాను, తప్పులుంటే సర్దుకోండి.

గోల్ వెనక పన్నెండో సీటు నీలం చొక్కాల టీము అభిమాని, మా అబ్బాయి పృథ్వీది. పదకొండేళ్లుగా వాడిదే. సెమీఫైనల్‌కి రెండు టికెట్లు కొని, వాడి సీట్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇది మాదేనని చోప్ చేశాను. హాకర్ సెంటర్లో తినడానికెళ్తే, టిష్యూ పెట్టిన కుర్చీ జోలికి కోటీశ్వరుడైనా వస్తాడా? మీ గ్రౌండులో ఓ లావుపాటాయన దాన్ని తీసేసి కూర్చున్నాడు! ఫైనల్‌కైనా ఆ సీటు కాపాడండి.

ఇట్లు,
భ్రమరాంబ

తా.క. కూర్చుంటే కూర్చున్నాడు, నా టిష్యూతోనే ముక్కు చీదాడు.

---

భ్రమరాంబ ఆంటీకి నమస్తే,

మీ తెలుగు చదవడానికి ఆఫీసంతా వెతికి నన్ను పట్టుకొచ్చారు. ఆంటీ, ఇక్కడ చోప్ చెల్లదు. మనిషి వస్తేనే సీటు. నీలం చొక్కాల టీము కప్పు చరిత్రలో మొదటిసారి ఫైనల్‌కొచ్చింది. ఇప్పుడైనా పృథ్వీ గారిని టైముకి రమ్మనండి.

మీ కీర్తిక

తా.క. ఆ లావుపాటాయన మా కప్పు కమిటీ పెద్ద. ముక్కు సంగతి ఆయనకి చదివి వినిపించలేదు.

---

కీర్తికమ్మకి,

వాడు రాలేడు. రాకపోయినా సీటు వాడిదే. టికెట్ ఉందిగా, ఇంకా మనిషెందుకు?

భ్రమరాంబ

తా.క. మీ పెద్దాయన్ని మిరియాల చారు తాగమను.

---

ఆంటీ,

రాని మనిషికి టికెట్టేమిటి, బ్లాకులో అమ్ముతున్నారా అని సెక్యూరిటీ వాళ్లు మీ పేరు రాసుకున్నారు! పృథ్వీ గారినే ఒక ఉత్తరం రాయమనండి. మరీ బద్ధకమైతే నాలుగు ముక్కలు చాలు.

కీర్తిక

తా.క. చారు పనిచేసింది.

---

తల్లీ,

వాడు రాయలేడు. జురాంగ్ ఐలాండ్‌లో ఇంజినీరు. రెండేళ్ల కిందట గుండె ఆగిపోయింది, ముప్పై నాలుగేళ్లకే. ముందే చెబితే జాలిపడి ఇస్తారని చెప్పలేదు. నా కొడుక్కి జాలి సీటెందుకు?

వాడి టీము ఏటా మొదటి ఆటలోనే ఓడేది. ఈ కప్పులో ఓడితే ఇంటికే, రెండో మాట లేదు. అయినా నవ్వుకుంటూ వచ్చేవాడు. "గోల్ వెనకే ఎందుకు కూర్చుంటానో తెలుసా అమ్మా? ఎప్పటికైనా బంతి నా ఒళ్లోకే వస్తుంది" అనేవాడు. తొమ్మిదేళ్లు కూర్చున్నాడు, రాలేదు.

భ్రమరాంబ

తా.క. సెక్యూరిటీ వాళ్లకి చెప్పు, నేనెక్కడికీ పారిపోను. పదమూడో సీట్లోనే ఉంటా.

---

బంగారు తల్లీ,

నీ జవాబు రాకుండానే ఫైనల్ వచ్చేసింది. బిక్కుబిక్కుమంటూ వెళ్లాను. చూద్దును కదా, పన్నెండో సీట్లో అప్పటికే కొత్త టిష్యూ ప్యాకెట్! పక్కన మీ పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడి, వచ్చినవాళ్లకల్లా "చోప్! చోప్!" అంటున్నాడు.

చెరో గోలు. పెనాల్టీలు. అవతలివాళ్ల ఆఖరి తన్ను మా వైపు గోల్‌కే. ఆ ఆటగాడు తన్నిన బంతి గోల్ పైకర్ర మీదుగా లేచి, వెనక మెట్టుకి తగిలి, జారి, పన్నెండో సీట్లో కూర్చుంది! ఎవరైనా ఉంటే భయపడి తోసేసేవారు. సీటు ఖాళీ కాబట్టే ఆగింది.

"పట్టేశాడు! మా వాడు పట్టేశాడు!" అని నేనరిచిన అరుపుకి మీ పెద్దాయన ముందు చెవులు మూసుకున్నాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. నీలం చొక్కాలు గెలిచాయి తల్లీ!

గెలిచిన టీము అమ్మ,
భ్రమరాంబ

తా.క. బంతి తిరిగివ్వమని మీ ఆఫీసువాళ్లు రేపు మా ఫ్లాట్‌కి వస్తారట. రమ్మను. దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను. ఎవరు తీస్తారో చూస్తా.