నీ చొక్కా జేబులో ఫ్యూజు

అన్నా,

నంద్యాలలో వైరింగు పనిలో కరెంటు కొట్టి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లిపోయారు. నడవలేని కాళ్లతో నేను మాత్రం ఎప్పటిలాగే ఆళ్లగడ్డలో ఈ వెనక గదిలోనే ఉన్నాను. ఎదురుగా గుండు వదిలి ఆడే నీ పిన్‌బాల్ మిషను. మన వీధికి కరెంటు వచ్చిన ఏడాది, నాకు పొద్దుపోవాలని మద్రాసు నుంచి పాతది కొనుక్కొచ్చావే, అదే.

నువ్వు పోయాక అది వెలగలేదు. ఇవాళ పట్టుబట్టి చూశాను. గదిలో దీపం వెలుగుతోంది కాబట్టి కరెంటు ఉంది. ప్లగ్గు పీకి విప్పితే వైర్లు బిగువుగానే ఉన్నాయి. మిషను వెనక పలక తీస్తే, ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ.

"పగలు పవరు సాలదు పాపా, నేనొచ్చినాక ఆడుకుందువులే" అని రోజూ చెప్పి పనికి పోయేవాడివి. ఎంత అబద్ధం! నేను ఒంటరిగా ముట్టుకుంటే షాకు కొడుతుందని భయపడి ఫ్యూజు పట్టుకుపోయేవాడివన్నమాట.

ఆ రోజు పని దగ్గర నువ్వు విప్పి తగిలించిన చొక్కా ట్రంకుపెట్టెలో ఉంది. జేబు తడిమితే చిన్న గాజు ఫ్యూజు దొరికింది. పెట్టి, ప్లగ్గు గుచ్చి స్విచ్చి వేశాను. బల్బులన్నీ వెలిగాయి. గుండు వదిలితే గంట మోగింది.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏం జేస్తాండావే? నువ్వు గూడా పోతావా?" అని ఏడుస్తూ ఫ్యూజు తీయించి కొంగున ముడేసుకుంది.

నీ జేబులో ఉన్నప్పుడే నయం అన్నా. సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చేది.