పెన్నీ వారింటి ఉక్కు తలుపు

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్, స్కిల్లెట్ కోవ్ వాస్తవ్యురాలిని, కీ.శే. ఆబ్నర్ రైడ్‌అవుట్ కుమార్తెను, యూస్టేస్ పెన్నీ భార్యను, డ్రూసిలా పెన్నీ అనే నేను ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు రాసిచ్చారు. నా కోపం కూడా స్థిరంగానే ఉంది.

1. ఇల్లు మా నాన్న నాకిచ్చినది. పెళ్ళప్పుడు రాసుకున్న ఒప్పందం ప్రకారం దీనిమీద నా భర్తకు హక్కు లేదు. నా తదనంతరం ఇది పక్కింటి మేవిస్ కూతురు ఊనాకు సర్వహక్కులతో చెందుతుంది. యూస్టేస్ బతికున్నంతకాలం ఇందులో ఉండవచ్చు, ఆరో అంశంలోని షరతుకు లోబడి.

2. సముద్రం వైపున్న ముందు తలుపు, అద్దం బిగించిన ఓక్ చెక్కది, చర్చికి. యూస్టేస్ కేటలాగులన్నీ తిరగేసి ఎంచుకున్నాడు. మెట్లు మాత్రం కట్టలేదు. మా ఊళ్ళో ముందు తలుపులోంచి ఎవరూ రారు గనక అది ఇప్పటికీ కొత్తగానే ఉంది.

3. వంటింటి పాత తలుపు షెడ్డులో ఉంది. మా నాన్న పైన్ పలకలతో చేశాడు. పొగమంచు రోజుల్లో ఉబ్బి బిగుసుకుపోయేది, భుజంతో తొయ్యాల్సి వచ్చేది. అయినా బయటినుంచి గడియ ఎత్తితే చాలు, ఊరంతా దాన్లోంచి వచ్చి నా పొయ్యి పక్కన కూర్చునేది. మా దగ్గర తలుపు కొట్టేది పోలీసులూ పరాయివాళ్ళే.

4. దాని స్థానంలో యూస్టేస్ ఉక్కు తలుపు పెట్టించాడు. నన్నడగలేదు. ఎక్కడో పట్నంలో దొంగతనం జరిగిందని టీవీలో చూశాడు.

"కాలం బాగాలేదు డ్రూసీ, ఎవడు దూరతాడో ఏమో!" అన్నాడు.

"దూరి ఏం పట్టుకుపోతాడు, నీ దగ్గునా?" అన్నాను.

ఆ తలుపుకు దానికదే తాళం పడుతుంది. పెట్టించిన వారంలోనే మేవిస్ కాడ్ చేప సూపు గిన్నెతో వచ్చి, గడియ కోసం తడిమి చూసి, నేను కిటికీలోంచి గమనించి లేచేలోపు వెనక్కి వెళ్ళిపోయింది. "ఇన్నేళ్ళుగా తిరిగిన ఇంటికి తలుపు కొట్టి వెళ్ళడానికి నేనేం పరాయిదాన్నా?" అని కొట్లో అందరితో అందట. తక్కినవాళ్ళూ మానేశారు. వెళ్ళి పిలిచాను. "వస్తాంలే" అన్నారు. రాలేదు. మేవిస్ పోయిన ఏడాది చనిపోయింది. ఈ విషయంలో యూస్టేస్‌ను నేను క్షమించలేదు. వీలునామాలో క్షమించాలన్న నియమమేదీ లేదని లాయరు చెప్పారు.

5. నేనల్లిన ఉన్ని చేతితొడుగులు యూస్టేస్‌కే. చలికాలంలో ఆ ఉక్కు పిడికి చెయ్యి అంటుకుపోతుంది.

6. షరతు: నా అంత్యక్రియలయిన నెలలోపు అతను ఆ ఉక్కు తలుపు తీయించి, మా నాన్న తలుపు తిరిగి పెట్టించాలి. ఉబ్బితే చిత్రిక పట్టుకోవాలి. కాదంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇది కక్షతోనే రాయిస్తున్నాను. కానీ అతనికి టీ పెట్టుకోవడం కూడా రాదు, పైగా గుండెజబ్బు. ఆ ఉక్కు తలుపు వెనక పడిపోతే ఎవరికీ తెలియదు. గడియ ఉంటే ఎవరో ఒకరు తోసుకుని వస్తారు. నాకు అదే భయం.

దీన్ని అమలుపరచే బాధ్యత లాయరు వినిఫ్రెడ్ నోస్‌వర్తీది.

తేదీ: 14 నవంబరు 2019

(సంతకం) డ్రూసిలా పెన్నీ

సాక్షులు:
1. కోరలీ హిస్కాక్, నర్సు.
2. గార్లాండ్ బగ్డెన్, కొట్టు యజమాని. ఈ వంటింట్లోనే ఆడుకుని పెరిగినవాడు. ఇవాళ తలుపు కొట్టి, నేను లేచి వెళ్ళి తీసేదాకా బయట మంచులో నిలబడ్డాడు.