చల్లటి పెట్టె

మామయ్యకు, మేనల్లుడు రాసేది.

శనివారం మా కచేరీకి మీరు వస్తున్నారని అత్తయ్య ఫోన్‌లో చెప్పింది. అందుకే ఒక సంగతి ముందే రాస్తున్నాను.

నా బేస్ గిటార్‌కని మీరు చేసిచ్చిన ఆంప్లిఫయర్ పెట్టె ఇప్పుడు మాతో ఊళ్లు తిరగడం లేదు. దాన్ని మెట్లెక్కించి మెట్లెక్కించి మా డ్రమ్మర్‌కు నడుం పట్టేసింది. ఇప్పుడు గిటార్ వైరు నేరుగా హాలువాళ్ల సౌండ్ బోర్డుకే ఇస్తాం. నా వాయింపు నాకు ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంది. వీపుకు తగిలే ఆ అదురు ఉండదు. మొదట్లో వెనకనుంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టుండేది. అలవాటైంది.

మీరొస్తున్నారని మావాళ్లకు చెప్పాను. "పెద్దాయన నొచ్చుకుంటాడు. ఆ ఒక్క పూటకీ పెట్టెను తెచ్చి నీ వెనకాల పెడదాం. వైరు తగిలించకపోతే మాత్రం ఎవరికి తెలుస్తుంది" అన్నాడు మా గాయకుడు. అందరూ సరేనన్నారు.

కచేరీ అవగానే మీరు దానిమీద చెయ్యి వేసి, వాయింపుకు ఎంత వేడెక్కిందో చూస్తారని వాళ్లకు తెలియదు. అది చల్లగా ఉంటుంది మామయ్యా. అయినా కాలుతోందనే అనండి. ఆ నడుంతో దాన్ని మళ్లీ మోసుకొచ్చేది డ్రమ్మరే.

మీ మేనల్లుడు